కొండమీది కవయిత్రి తరిగొండ వెంగమాంబ

తిరుమల శ్రీ వేంకటేశ్వరస్వామి ఆలయమున ప్రతిదినము రాత్రి జరుగు చివరి సేవకు ఏకాంత సేవ యని పేరు. ఆ వేళ స్వామికి జోలపాట పాడు వంతు తాళ్ళపాకవారిది. ముత్యాల హారతి యిచ్చు వంతు తరిగొండవారిది. తాళ్ళపాకవారి లాలి, తరిగొండవారి హారతి యను మాట ఆ కొండమీద నానుడిగా నిలిచిపోయినది. తాళ్ళపాక అన్నమాచార్యుని పేరు వినని తెలుగు విద్యార్థి యుండడు. కాని ఆ హారతి యెవరి పేరిట నడచుచున్నదో ఆ తరిగొండ వెంగమాంబ జీవితము మాత్రము చాలమందికి మహిమల కథలుగానే తెలిసినది. ఆ మహిమల వెనుక ఒక మనిషి కలదు. బడికి పోని బాలిక, కాపురము చూడని వితంతువు, ఊరు విడిచిన ఒంటరి స్త్రీ, తన చేతితో గ్రంథములు వ్రాసుకొన్న కవయిత్రి. ఆ మనిషి కథ తెలిసికొనదగినది.

వెంగమాంబ 1730వ సంవత్సరమున, సాధారణ నామ సంవత్సర వైశాఖమాసమున, నృసింహ జయంతినాడు జన్మించినదని సంప్రదాయము. తండ్రి కృష్ణయ్య, తల్లి మంగమాంబ. వారు వసిష్ఠ గోత్రీకులైన నియోగి బ్రాహ్మణులు. జన్మస్థలము గుర్రంకొండ, వాయల్పాడు ఊళ్ళకు సమీపముననున్న తరిగొండ. ఆ యూరి దైవము లక్ష్మీనరసింహస్వామి. పూర్వము పెరుగు చిలుకు తరికుండలో స్వామి శిలారూపమున దొరకెననియు, అందుచేత ఊరికి ఆ పేరు వచ్చెననియు స్థలకథ. వెంగమాంబ తన గ్రంథములందు ఈ తరిగొండ నరసింహుని, తిరుమల వేంకటేశ్వరుని ఒక్కరినిగనే భావించి స్తుతించుట గమనింపదగిన విషయము. పుట్టిన యూరిని విడిచిపోయినను ఆ యూరి దేవుని ఆమె విడువలేదు.

ఆమె పెరిగిన కాలము ప్రశాంతమైనది కాదు. ఆమెకు పదేండ్ల వయసున, 1740లో, మరాఠా సేన దామలచెరువు కనుమయందు ఆర్కాటు నవాబు దోస్త్ అలీఖానును యుద్ధమున సంహరించెను. ఆ కనుమ తరిగొండకు ఎంతో దూరము లేదు. గుర్రంకొండ దుర్గము కడప నవాబుల చేతినుండి మైసూరువారి చేతికి, తరువాత నిజాము చేతికి, చివరకు 1800లో ఇంగ్లీషు కంపెనీ చేతికి మారెను. హైదరలీ 1782 డిసెంబరు 7వ తేదీన మరణించినది కూడ చిత్తూరు సమీపముననున్న నరసింగరాయనిపేట శిబిరముననే. సైన్యములు నడచిన దారులు, పన్నులు హెచ్చిన పల్లెలు, చేతులు మారిన కోటలు. ఇట్టి సీమలో, ఇట్టి కాలమున ఒక స్త్రీ వేదాంతమును, భక్తిని తెలుగులో వ్రాయుచు గడిపినదన్న విషయము మనము మరువరాదు.

ఆ దినములలో బ్రాహ్మణ గృహములందు సైతము ఆడపిల్లకు అక్షరాభ్యాసము అరుదు. వెంగమాంబ బడిలో చదివినది లేదు. అయినను ఆ యింట పురాణ పఠనము, భజన, కీర్తనలు నిత్యము వినబడుచుండెను. పిల్ల వానిని విని పట్టుకొని, తిరిగి పాడుచుండెను. ఆమె శ్రద్ధను చూచి తండ్రి ఆమెను మదనపల్లెలోని రూపావతారము సుబ్రహ్మణ్యయ్య కడకు పంపెనని చెప్పుదురు. ఈ గురువునే ఆమె తన గ్రంథములందు భక్తితో స్మరించెను. ఆయన ఆమెకు మంత్రోపదేశము చేసి, యోగమార్గమును, వేదాంత విషయములను బోధించెను. ఆడపిల్లకు ఇట్టి విద్య యెందులకని సంకోచింపని గురువు దొరకుట ఆమె జీవితమున కలిగిన మొదటి భాగ్యము.

రెండవది భాగ్యము కాదు. ఆనాటి ఆచారము ననుసరించి బాల్యముననే చిత్తూరు ప్రాంతమునకు చెందిన ఇంజేటి వేంకటాచలపతి యను వానికిచ్చి ఆమెకు వివాహము చేసిరి. కాపురమునకు పోవుటకు ముందే భర్త మరణించెను. భర్త ముఖమైనను సరిగా ఎరుగని పిల్లకు వైధవ్యము ప్రాప్తించెను. దాని వెంట ఆచారము విధించు శిక్షలన్నియు వచ్చినవి. తల గొరిగించుకొనవలెను. కుంకుమ, పూలు, గాజులు మానవలెను. శుభకార్యములకు ఎదురుపడరాదు. జీవితాంతము పుట్టింటి వంటయింటి మూల ఆమె లోకము కావలెను. అట్లు మూలలందే ముగిసిన బ్రతుకులు ఆ కాలమున ఎన్నియో లెక్కకు రావు.

వెంగమాంబ ఆ మూలకు పోలేదు. తనకు వేంకటేశ్వరుడే భర్త యనియు, ఆయన నిత్యుడు గనుక తనకు వైధవ్యము లేదనియు ఆమె నిశ్చయించుకొనెను. జుట్టు తీయించుకొనుటకు ఒప్పుకొనలేదు. కుంకుమ తుడువలేదు. పూలు విడువలేదు. ఇది నేటివారికి చిన్న విషయముగా తోచవచ్చును. ఆనాడు అది కుటుంబమంతయు వెలికి గురి కాదగిన నేరము. ఊరిలోని పెద్దలు తండ్రిని నిలదీసిరి. అతడు కుమార్తె పక్షముననే నిలిచినట్లు కథలు చెప్పుచున్నవి.

ఈ వివాదము పుష్పగిరి పీఠాధిపతి వరకు పోయినదని ప్రతీతి. స్వామివారు ఆ ప్రాంతమునకు విచ్చేసినపుడు ఊరివారు ఫిర్యాదు చేయగా, ఆమెను పిలిపించి, ఆచారమును ఏల పాటింపవని ప్రశ్నించిరట. భగవంతుని ఎదుట జుట్టు ఉన్నవారు, లేనివారు అను భేదము గలదా యని ఆమె తిరిగి అడిగినదట. పీఠమునకు నమస్కరింపుమనగా, స్వామివారిని ఆసనమునుండి దిగుమని కోరి, ఆ ఖాళీ ఆసనమునకు ఆమె మ్రొక్కగా అది భగ్గున మండిపోయెనని గాథ. మండిన ఆసనమును చరిత్రకారుడు నమ్మనక్కరలేదు. కాని ఆ కథ యంతయు తీసివేసినను ఒక సత్యము మిగులును. పెద్దలసభలో నిలువబడి సమాధానము చెప్పవలసిన స్థితి ఆమెకు వచ్చినది. సమాధానము చెప్పి ఆమె తన జుట్టును, తన కుంకుమను నిలుపుకొన్నది. జనులు ఒక మనిషి ధైర్యమును జ్ఞాపకముంచుకొనుటకు ఇట్టి మహిమలనే వాహనములుగా చేసికొందురు.

తరిగొండలో నున్నపుడే ఆమె రచన మొదలైనది. తరిగొండ నృసింహ శతకము, నృసింహ విలాస కథ, శివనాటకము, బాలకృష్ణ నాటకము అను యక్షగానములు, రాజయోగామృతసారము అను ద్విపద కావ్యము ఆ కాలపు కృతులుగా పరిగణింపబడుచున్నవి. వీనిలో చివరిది ప్రత్యేకముగా పేర్కొనదగినది. భాగవతములో కపిల మహర్షి తన తల్లి దేవహూతికి తత్త్వము బోధించిన ఘట్టమే దాని ఆధారము. వేదాంతము స్త్రీలకు తగదని వాదించువారికి, తల్లికి తత్త్వము చెప్పిన కొడుకు కథను పాడుకొనుటకు వీలైన ద్విపదలో చెప్పుటకంటె మంచి సమాధానము లేదు.

ఊరిలోని నరసింహాలయమున, ఆంజనేయ విగ్రహము వెనుక కూర్చుండి ఆమె యోగాభ్యాసము చేయుచుండెనని చెప్పుదురు. ఒకనాడు అర్చకుడు ఆమెను అక్కడ చూచి, దూషించి, బయటకు ఈడ్చెనట. ఆ అవమానమే ఆమె ఊరు విడుచుటకు కారణమైనదని సంప్రదాయము. ఒంటరి స్త్రీ ఊరు విడిచి ఎక్కడకు పోగలదు? ఆనాటి సమాజమున అట్టి స్త్రీ ఒంటరిగా పోయినను ఎవరును కారణ మడుగని చోటు ఒక్కటే కలదు, అది పుణ్యక్షేత్రము. యాత్రికురాలిగా వెంగమాంబ తిరుమల కొండ ఎక్కెను.

నేటి తిరుమలనుబట్టి ఆనాటి తిరుమలను ఊహింపరాదు. సముద్రమట్టమునకు ఇంచుమించు 2,800 అడుగుల ఎత్తున, శేషాద్రి, నీలాద్రి, గరుడాద్రి, అంజనాద్రి, వృషభాద్రి, నారాయణాద్రి, వేంకటాద్రి యను ఏడుకొండల నడుమ, అడవిలో నున్న చిన్న యూరది. మోటారు బండి పోవు ఘాటు రోడ్డు 1944లో గాని రాలేదు. అలిపిరి వద్ద మెట్లు మొదలుపెట్టి, గాలిగోపురము దాటి, మోకాళ్ళ పర్వతము నెక్కి, కాలినడకననే పైకి చేరవలెను. నడువలేనివారు డోలీలలో పోవుచుండిరి. పైన ఆలయము, స్వామి పుష్కరిణి, వరాహస్వామి గుడి, నాలుగు మాడవీథులు, కొన్ని మఠములు, అర్చకుల యిండ్లు, ఆలయ కైంకర్యములతో సంబంధమున్న కుటుంబములు. ఉత్సవ దినములలో జనము. తక్కిన దినములలో మంచు, నిశ్శబ్దము, అడవి జంతువుల భయము.

ఆ నిశ్శబ్దము క్రిందనే మరొక గందరగోళము గలదు. యాత్రికుల కానుకలవలన ఆలయమునకు వచ్చు ఆదాయము పెద్దది. ఆర్కాటు నవాబు ఆ ఆదాయమును యుద్ధపు అప్పుల క్రింద ఇంగ్లీషు కంపెనీకి వ్రాసియిచ్చెను. దానికొరకు సేనలు తిరుపతి పరిసరములందు పోరాడిన సందర్భములును కలవు. భక్తుడు హుండీలో వేసిన కాసు ఏ సిపాయి జీతముగా మారునో చెప్పలేని కాలమది. 1801లో కంపెనీవారు ఆర్కాటు రాజ్యమునంతయు తమ పాలనలోనికి తెచ్చుకొన్నప్పుడు తిరుమల ఆలయ నిర్వహణము సైతము నేరుగా వారి అధికారుల చేతికి వచ్చినది. వెంగమాంబ తన జీవితపు చివరి పదునారేండ్లు ఆ పాలనలోనే గడిపెను.

కొండమీదికి వచ్చిన కొత్తలో ఆమెకు హాథీరాంజీ మఠమువారు తల దాచుకొనుటకు చోటిచ్చిరి. ఆ మఠము ఉత్తరదేశమునుండి వచ్చిన వైరాగులది. పిదప తాళ్ళపాక వంశమువారు ఆమెకు ఆశ్రయమిచ్చిరని చెప్పుదురు. అన్నమాచార్యుని వంశీయులు ఒక కవయిత్రికి నీడనిచ్చుట తెలుగు సాహిత్య చరిత్రలో మనసు నిలుచు సంఘటన. ఆ వంశమునకు ఇది క్రొత్త కాదు. అన్నమాచార్యుని భార్య తిమ్మక్క సుభద్రా కల్యాణమును రచించిన కవయిత్రి గదా.

అయితే పుణ్యక్షేత్రమందును మనుష్యులే ఉందురు. పొరుగున నున్న ఒక అర్చకుడు ఆమెను పలువిధముల వేధించెననియు, ఆమె తులసివనము నడుమ ధ్యానము చేసికొనుచుండగా ఎంగిలి విస్తరాకులు గోడమీదుగా వేయుచుండెననియు కథ కలదు. ఎంత ఓర్చినను శాంతి లభింపక, ఆమె జనపదమునే విడిచి తుంబురు కోనకు పోయెను. పాపవినాశనమునకు ఆవల, లోతైన లోయలో, రెండు కొండచరియల నడుమ నున్న తీర్థమది. నేటికిని ఫాల్గుణ పూర్ణిమనాడు జరుగు తుంబురు తీర్థ ముక్కోటికి యాత్రికులు రాళ్ళమీదుగా, నీటిలోనుండి నడచి అచటికి చేరుదురు. పలువురు కలిసి పగటివేళ పోవుటకే కష్టమైన ఆ కోనలో వెంగమాంబ కొన్నేండ్లు ఒంటరిగా తపస్సు చేసినట్లు సంప్రదాయము చెప్పుచున్నది.

తిరిగి కొండమీదికి వచ్చునాటికి ఆమె పేరు మారినది. ఎవరును ఆమెను ప్రశ్నింపలేదు. అందరును దర్శింప వచ్చిరి. ఆలయమునకు సమీపముననే ఆమెకు నివాసమును, తోటయు ఏర్పడినవి. పలువురు జమీందారులు, భక్తులు ఆమె చేయు ధర్మకార్యములకు దానపత్రములు వ్రాసియిచ్చిరి. తన జన్మదినమైన నృసింహ జయంతికి ఆమె పదిదినములు ఉత్సవము జరిపి, యాత్రికులకు అన్నము పెట్టించుచు, దాహము తీర్చుచుండెను. వేసవిలో, వైశాఖపు ఎండలో, వేల మెట్లెక్కి వచ్చినవానికి చల్లని నీరు, వేడి అన్నము ఎంతటి విలువగలవో నడచి కొండ నెక్కినవారికే తెలియును. ఒకనాడు తనకే చోటు లేని కొండమీద ఆమె ఇతరులకు ఆతిథ్యమిచ్చు గృహిణియైనది.

ముత్యాల హారతి ఈ కాలమునాటిదే. ఆమె ప్రతిరాత్రి స్వామికి హారతి యిచ్చుచుండెననియు, మూసిన గుడిలో ఉదయమున ముత్యములు కనబడుచుండగా అర్చకులు ఆశ్చర్యపడి, పిదప ఆమె భక్తిని గ్రహించి, ఆ హారతిని నిత్యసేవలో చేర్చిరనియు గాథ. గాథ యెట్లున్నను సేవ మాత్రము ప్రత్యక్షము. రెండు వందల యేండ్లకు పైగా, పాలకులు మారినను, ఆ హారతి ఆమె పేరిట నడచుచున్నది. విధవ ఎదురుపడిన అపశకునమని నమ్మిన సమాజము, ఆమె పేరిటి హారతితో గాని స్వామికి దినము ముగియదని అంగీకరించినది. ఒక జీవితము సాధింపగల విజయము ఇంతకంటె ఏమి యుండును?

తిరుమలలో ఆమె చేసిన రచన మరింత విస్తారమైనది. విష్ణుపారిజాతము, చెంచు నాటకము, రుక్మిణీ నాటకము, గోపీ నాటకము మొదలగు యక్షగానములు, ద్విపద భాగవతము, వాసిష్ఠ రామాయణము, ముక్తికాంతా విలాసము, తత్త్వ కీర్తనలు, వీనికన్నిటికి తలమానికముగా వేంకటాచల మాహాత్మ్యము. మొత్తము 18 కృతుల వరకు ఆమె పేరిట చెప్పుదురు. వాసిష్ఠ రామాయణము రాముని యుద్ధకథ కాదు. విరక్తుడైన యువరాజునకు వసిష్ఠుడు చేసిన జ్ఞానబోధ. సంస్కృతమున పండితులకు సైతము కఠినమైన ఆ విషయమును ఆమె ద్విపదలో, వినువారికి అర్థమగు తెలుగున చెప్పెను.

ద్విపదను, యక్షగానమును ఆమె ఎన్నుకొనుట యాదృచ్ఛికము కాదు. ద్విపద చదువుటకంటె పాడుటకు అనువైనది. యక్షగానము చదువురాని వానికి సైతము కంటికి, చెవికి అందును. తానే వినికిడివలన విద్యను గడించిన స్త్రీ, వినికిడి తప్ప వేరు విద్య లేని జనుల కొరకు వ్రాసెను. వేంకటాచల మాహాత్మ్యము మాత్రము పద్యకావ్యము. వరాహ, భవిష్యోత్తరాది పురాణములలో చెదరియున్న తిరుమల కథలను ఆమె ఒకచోట కూర్చెను. ఆకాశరాజు, పద్మావతి, వకుళమాలిక, పెండ్లికై కుబేరునికడ చేసిన అప్పు, ఇవన్నియు సంస్కృతము రాని తెలుగు యాత్రికునకు చేరుటలో ఈ గ్రంథమునకు గొప్ప భాగము కలదు. కొండ నెక్కువాని కాళ్ళకు మెట్లెట్టివో, మనసునకు ఆ కథ అట్టిది.

తాను ఓనమాలైనను గురువుకడ దిద్దుకొనలేదనియు, ఛందస్సు, అలంకారశాస్త్రము చదువలేదనియు, స్వామి పలికించినదే పలికితిననియు ఆమె తన కృతులలో చెప్పుకొన్నది. ఇందు వినయమున్నది, భక్తకవుల సంప్రదాయమున్నది, దానితోపాటు ఒక కఠిన సత్యమును ఉన్నది. ఆమెకు ఎవరును బడి తలుపు తెరువలేదు. అయినను ఆమె పద్యములు చదివినవారికి యతిప్రాసల విషయమున గాని, భాష విషయమున గాని ఆమె లోటు కనబడదు. లోటు బడిది గాని ఆమెది కాదు.

ఆమె సమకాలికులలో మరొక ప్రసిద్ధ కవయిత్రి తంజావూరి ముద్దుపళని. ఆమె ప్రతాపసింహ మహారాజు ఆస్థానమున రాధికా సాంత్వనమును రచించెను. ఒకరు రాజసభలోని శృంగార కవయిత్రి, మరొకరు కొండమీది యోగిని. ఇద్దరి దారులు వేరు. కాని ఆ శతాబ్దమున తెలుగు స్త్రీ కలము పట్టుటకు సాధారణ గృహస్థుని యింట చోటు లేదని, ఆస్థానమో ఆలయమో ఆశ్రయము కావలసి వచ్చెనని ఈ ఇద్దరి జీవితములను కలిపి చూచినపుడు తెలియును. మొల్లను, తిమ్మక్కను, రంగాజమ్మను చదువు విద్యార్థులు ఆ వరుసలో వెంగమాంబను చేర్చుకొనవలెను.

1817వ సంవత్సరమున, ఈశ్వర నామ సంవత్సర శ్రావణ శుద్ధ నవమినాడు వెంగమాంబ సమాధి పొందెను. అప్పటి కామె వయసు ఎనుబది యేడేండ్లు. ఆమె మరణానంతరము 1843లో ఆలయ నిర్వహణము కంపెనీవారి చేతినుండి హాథీరాంజీ మఠపు మహంతులకు, 1933లో దేవస్థానము కమిటీకి మారినది. ఈ మార్పులన్నిటిని దాటి ఆమె జ్ఞాపకము నిలిచినది. తిరుమలలో యాత్రికులకు ఉచితముగా భోజనము పెట్టుటకై 2011లో ప్రారంభించిన విశాల భవనమునకు మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రమని పేరు పెట్టిరి. నృసింహ జయంతికి ఆమె పెట్టించిన అన్నము ఈనాడు నిత్యాన్నమైనది.

ఆమె సమాధియైన బృందావనము ఆలయమునకు ఉత్తరముగా, ఒకప్పుడు ఆమె తోట యున్నచోట కలదు. ఆ స్థలము నేడు తిరుమలలోని ఉన్నత పాఠశాల ఆవరణలో నున్నది. యాత్రికులలో చాలమంది దర్శనము చేసికొని, ప్రసాదము తీసికొని, దాని సంగతి యెరుగకయే కొండ దిగిపోవుదురు. తీరిక చేసికొని అచ్చటికి పోయినవారికి బృందావనము చుట్టును పాఠశాల పిల్లల సందడి వినబడును. ఆ పిల్లలలో ఆడపిల్లలును ఉన్నారు. వారి జడలను గూర్చి ఏ పీఠమును ప్రశ్నింపదు. వారి పలకలను ఎవరును లాగికొనరు. ఓనమాలు దిద్దించువారు లేక, తనంతట తానే కవయిత్రియైన స్త్రీకి ఇంతకంటె తగిన విశ్రాంతిస్థానము ఏడుకొండలమీద మరొకటి దొరకదు.